వానలో నీళ్ళ ట్యాంకర్

"నేనే చంపాను మేడమ్."

ఆ మాట అనడం అతనికి అది నాలుగోసారి. నాలుగుసార్లూ ఒకే గొంతుతో, బల్ల అంచు వైపే చూస్తూ అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ తన సర్వీసులో నేరం ఒప్పుకున్నవాళ్ళని చాలామందినే చూసింది. ఏడ్చి ఒప్పుకున్నవాళ్ళున్నారు, తిట్టి ఒప్పుకున్నవాళ్ళున్నారు, తాగిన మైకంలో ఒప్పుకుని దిగాక నాలుక మడతేసినవాళ్ళున్నారు. ఇలా పాఠం అప్పజెప్పినట్టు ఒప్పుకునేవాడిని చూస్తే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండుతుంది. పాఠం ఉందంటే దాన్ని వల్లె వేయించిన పంతులు కూడా ఎక్కడో ఉన్నాడన్నమాట.

గని సైటాఫీసులో హెల్మెట్లూ రబ్బరు బూట్లూ పడేసుకునే గది అది. విచారణకని కంపెనీవాళ్ళు దాన్నే ఖాళీ చేసిచ్చారు. ఎదురుగా కూర్చున్నవాడు గ్రేడర్ డ్రైవర్. డంపర్లు తిరిగి గతుకులు పడ్డ రోడ్డుని పొడవాటి బ్లేడుతో చెక్కి చదును చేయడం అతని పని. చనిపోయినవాడు అతని సొంత బావ, నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్. ఎండల్లో రోడ్డంతా నీళ్ళు చల్లుకుంటూ తిరుగుతాడని గనిలో అందరూ అతన్ని వానదేవుడు అనేవారు. మొన్న సాయంత్రం ఆ వానదేవుడు ట్యాంకర్‌తో సహా మలుపు దగ్గర లోయలో పడ్డాడు.

"ఎందుకు చంపావు?"

"మా అక్కని కొడుతుంటాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు."

"ఎలా చంపావు?"

"మలుపు దగ్గర లోయవైపు గట్టుంటుంది కదా మేడమ్. బండి అదుపు తప్పినా ఆగేలా టైరులో సగం ఎత్తున రాళ్ళూ మట్టీ పోసి కడతాం. దాన్ని గ్రేడర్‌తో తీసేశాను. మసక వెలుతుర్లో చూసుకోకుండా పోయి పడ్డాడు."

"తీసిన మట్టి ఏం చేశావు?"

అతను మొదటిసారి తలెత్తాడు. ఈ ప్రశ్న పాఠంలో లేదు.

"లోయలోకే తోసేశాను."

"బాగుంది. ఆ టైముకి మీ బావ అటు వస్తాడని నీకెలా తెలుసు?"

"రోజూ వస్తాడుగా, నీళ్ళు చల్లడానికి."

"నీళ్ళెందుకు చల్లుతారు?"

"దుమ్ము లేవకుండా."

"అటుమొన్నటి నుంచీ వాన పడుతూనే ఉంది. వానలో దుమ్మెక్కడ లేచింది నాయనా?"

గ్రేడర్ డ్రైవర్ మళ్ళీ బల్ల అంచు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరమ్మ తొందరపెట్టలేదు. రేకుల కప్పు మీద చినుకుల చప్పుడు వింటూ కూర్చుంది. ఈ రెండు రోజుల్లో ఎంతమంది ఈ కేసు గురించి మాట్లాడారో! ఒక్కరికీ ఈ అనుమానం రాకపోవడం, వచ్చినా బయటికి అనకపోవడం ఆవిడకి వింతగా ఉంది.

"నాకూ తెలీదు మేడమ్," అన్నాడతను చివరికి. గొంతు మారిపోయింది. "నిజంగా తెలీదు. వాన మొదలైతే బావకి పనుండదు. ఇంట్లో పడుకోవాలి. ఎందుకెళ్ళాడో, ఆ బండెందుకు తీశాడో, రెండు రోజుల్నించి అదే ఆలోచిస్తున్నాను."

పక్కనే నిలబడ్డ ముసలి హెడ్ కానిస్టేబుల్ చెవి గోక్కున్నాడు. ఆయన చెవి గోక్కున్నాడంటే ముద్దాయి నిజం చెప్పాడని లెక్క. ఆవిడ లేచి వరండాలోకి వచ్చింది.

వరండా బెంచీ మీద చనిపోయినవాడి భార్య కూర్చుని ఉంది. లోపలున్నవాడికి అక్క. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది కానీ ఇన్‌స్పెక్టరమ్మని చూడగానే కళ్ళు తుడుచుకుని నిలబడింది.

"మా ఆయన నన్ను కొట్టేవాడని మా తమ్ముడు చెప్పాడంట. నిజమేనా మేడమ్?"

"చెప్పాడు. కొట్టేవాడా?"

"ఆయనా? గట్టిగా మాట్లాడితే చంటివాడు లేస్తాడని ఇంట్లో సైగలు చేసే మనిషి." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోయే ముందు రెండు రోజులూ అన్నానికి కూడా రాలేదు. డబ్బా పంపిస్తే మూత తియ్యకుండా తిరిగొచ్చింది. ఇదేం పనయ్యా వానలో అని ఫోన్లో అరిచాను. 'ఒక పని మిగిలిపోయింది, కానిచ్చాక చెప్తా, మీ తమ్ముడిని మాత్రం ఏమీ అనకు' అన్నాడు. నేనేం అంటాను వాణ్ణి? ఏం చేశాడని అంటాను?"

ఇన్‌స్పెక్టరమ్మ ఆ మాటని మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

"మా తమ్ముడే చేసుంటే ఆ మాట నా ముఖం చూసి చెప్పమనండి మేడమ్. సాయంత్రం కోర్టుకి తీసుకెళ్తారంట. ఇవాళ వాడు అక్కడ సంతకం పెడితే ఇంక వాడు నాకు తమ్ముడు కాదు. మొగుడూ పోయి, తమ్ముడూ పోతే నేనెవర్ని తలుచుకుని ఏడవాలి?"

"పిల్లల దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. పెద్దాడే చంటివాణ్ణి చూసుకుంటున్నాడు."

"ఇంటికెళ్ళమ్మా. వానలో ఇక్కడ కూర్చుని చేసేదేం లేదు. చీకటి పడేలోపల నేనే మీ ఇంటికొచ్చి నిజం ఏదైతే అది చెప్తాను."

ఆమె తల ఊపి, కొంగు తల మీదికి లాక్కుని కాలనీ వైపు నడిచింది. గని కాలనీ కొండ కిందే ఉంది.

ఆమె అటు వెళ్ళిందో లేదో, ఇటు నుంచి గొడుగు ముడుస్తూ సెక్యూరిటీ ఆఫీసర్ వచ్చాడు. ఆయన ఒకప్పుడు పోలీసే. ఇన్‌స్పెక్టరమ్మ కొత్తగా ఉద్యోగంలో చేరిన స్టేషనుకి ఆయనే అధికారి. రిటైరయ్యాక కంపెనీ జీతం బాగుందని ఇక్కడ చేరాడు. అప్పటి దుబ్బు మీసాలు ఇప్పుడు తెల్లబడ్డాయి. ఆవిడని పిలిచే పిలుపు మాత్రం మారలేదు.

"ఏం అమ్మాయ్, అయిందా? నాలుగింటికి మేజిస్ట్రేటు దగ్గరుండాలి. బండి కూడా నేనే ఏర్పాటు చేశాను."

"ఒక్క సందేహం సార్. వాన పడుతుంటే నీళ్ళ ట్యాంకర్ రోడ్డెక్కడం ఏమిటి?"

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడం నీకింకా పోలేదు."

"మీరు నేర్పిన విద్యే సార్."

ఆయన నవ్వాడు. నవ్వు కళ్ళదాకా రాలేదు. "డ్యూటీ దిగి ఖాళీ బండిని షెడ్డుకి తెస్తున్నాడు. మలుపులో గట్టు లేదు. పడ్డాడు. గట్టు తీసినవాడు సొంత నోటితో ఒప్పుకున్నాడు. పిల్లినో కుక్కనో అడిగినా ఇంతే చెప్తుంది. వాడి వాంగ్మూలం చేతిలో పెట్టుకుని ఇంకా దేని కోసం వెతుకుతావు?"

"ముద్దాయిని తీసుకుని ఒకసారి ఆ మలుపు చూసొస్తాను."

"వానలోనా?"

"వానదేవుడు వెళ్ళాడుగా సార్, మనకేం?"

మీసాలాయన ముఖంలో నవ్వు పోయింది. నేనూ వస్తానన్నాడు.

మలుపు దగ్గర జీపు దిగేసరికి వాన సన్నబడింది. అక్కడ కొండ చీలి లోపలికి పోయిన చోటు ఒకటుంది. ఆ చీలికకి అడ్డంగా ఎత్తున మట్టి పోసి, దాని మీదుగా రోడ్డు వేశారు. కొండవైపు కాలువ, లోయవైపు గట్టు. కొండ మీద నుంచి కారే నీళ్ళన్నీ ఆ కాలువలో పడి, రోడ్డు పక్కనే దిగి, అడుగున మడ్డి చెరువులోకి చేరాలి. అక్కడ మట్టీ మడ్డీ అడుక్కి దిగి తేట నీళ్ళు మాత్రమే ఏటిలో కలవాలి. పద్ధతి అది. దోవలో జీపు డ్రైవరే ఇదంతా వివరించాడు.

గట్టు ఒకచోట, రెండు లారీలు పట్టేంత మేర, మాయమైంది. దానికి ఇవతల గ్రేడర్ నిలబెట్టి ఉంది. సాక్ష్యమని పోలీసులే దాన్ని కదలనివ్వలేదు. కొండవైపు, రోడ్డు అంచు దాకా, పెద్ద మడుగు నిలిచి ఉంది. నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి.

"ఇదేంటి సార్?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"కొండ నీళ్ళు. వానాకాలం మామూలే."

ఆవిడ ఇంకేం అనకుండా చీర కుచ్చెళ్ళు ఎగదోపి, లోయలోకి దిగడం మొదలుపెట్టింది. ఆవిడ యూనిఫాం వేసుకోని రోజుల్లో కూడా కాళ్ళకి పోలీసు బూట్లే ఉంటాయి. వెనక హెడ్డు మూలుగుతూ దిగాడు. పైన నిలబడి మీసాలాయన, "కాలు జారితే ఆ కేసు కూడా నా నెత్తినే పడుతుంది అమ్మాయ్!" అని కేకేశాడు.

వాలు మీద తుప్పలు పచ్చగా, కడిగినట్టున్నాయి. ట్యాంకర్ దొర్లిన దారిలో మాత్రం నలిగిపోయాయి. ఇన్‌స్పెక్టరమ్మ ఒక్కో పొదా పట్టి చూసింది.

"ఏం చూస్తున్నారు మేడమ్?"

"మట్టి. రెండు లారీల మట్టి ఇటు తోశానన్నాడు. ఒక్క కొమ్మ మీద గుప్పెడు మట్టి చూపించు."

హెడ్డు చుట్టూ చూశాడు. "ఆవిరైపోయిందా ఏంటి?"

"రాళ్ళు కూడానా?"

ట్యాంకర్ ముక్కు కిందికి పెట్టి, బండరాయికి ఆనుకుని ఉంది. క్యాబిన్ నుజ్జునుజ్జయింది. ముందు చక్రాలు కాలనీ వైపు చూస్తున్నాయి. అంటే దిగుతూనే పడ్డాడు, అంతవరకూ మీసాలాయన చెప్పింది నిజమే. ఇన్‌స్పెక్టరమ్మ ట్యాంకు పక్కకి వెళ్ళి ఒక రాయి తీసుకుని కొట్టింది. ఖాళీ డబ్బాలా మోగలేదు. మొద్దు శబ్దం వచ్చింది.

"హెడ్డుగారూ, ఆ వాల్వు తిప్పండి."

హెడ్డు రెండు చేతులా తిప్పాడు. చివ్వున ఎర్రటి నీళ్ళు తన్నుకొచ్చి ఆయన్ని నిలువునా తడిపేశాయి. "ఖాళీ బండి, ఖాళీ బండి అని ప్రాణం తీశారు కదయ్యా!" అని ఆయన పక్కకి గెంతాడు.

ఇన్‌స్పెక్టరమ్మ అరచేతిలో ఆ నీళ్ళు పట్టుకుని చూసింది. వచ్చేటప్పుడు మడ్డి చెరువు దగ్గర జీపు ఆపించి చూసింది. ఆ నీళ్ళు బూడిద కలిపినట్టుంటాయి. ట్యాంకర్ అక్కడే నింపుకుని, చల్లుకుంటూ పైకెళ్ళి, ఖాళీ చేసుకుని కిందికి దిగాలి. ఈ ట్యాంకర్ ఎదురు పని చేసింది. ఖాళీగా ఎక్కి నిండుగా దిగింది. అదీ తుప్పు రంగు నీళ్ళతో.

రొప్పుతూ పైకొచ్చాక ఆవిడ తిన్నగా మీసాలాయన ముందుకెళ్ళి నిలబడింది.

"బండి నిండుగా ఉంది సార్."

"అయితే ఏమైంది? పారబోయడం బద్ధకించి ఉంటాడు."

"మొన్న రాత్రి షిఫ్టు డంపర్లు ఏ దారిన వెళ్ళాయి?"

"పాత రోడ్డున."

"ఎందుకు మార్చారు?"

"ఇక్కడ ప్రమాదం జరిగిందిగా."

"మీరు స్టేషనుకి ఫోన్ చేసింది తెల్లారాక. అప్పుడే తెలిసిందన్నారు. తెల్లారాక తెలిసిన ప్రమాదానికి ముందు రాత్రే దారి మళ్ళించారా?"

మీసాలాయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు నన్ను విచారిస్తున్నావా?"

"ఇంకా లేదు సార్. హెడ్డుగారూ, గునపం తీసుకురండి."

జీపులోంచి గునపం వచ్చింది. హెడ్డు రోడ్డు మీద అక్కడక్కడా పొడుస్తూ నడిచాడు. పొడిచిన చోటల్లా ఖంగుమంది. ఏళ్ళ తరబడి డంపర్లు తొక్కిన నేల అది. గట్టు తెగిన చోటికి ఎదురుగా వచ్చేసరికి గునపం చప్పుడు లేకుండా మూరెడు దిగబడిపోయింది.

"గట్టు మట్టి ఇక్కడుంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "లోయలోకి తోయలేదు. నిండు బండి బరువుకి ఇక్కడ రోడ్డు కుంగి, అతను పడ్డాడు. రాత్రికి రాత్రే ఆ గుంట పూడ్చడానికి చేతికందిన గట్టు తెచ్చి పోశారు. తవ్వండి."

"కంపెనీ రోడ్డు తవ్వడానికి నీకు ఉత్తర్వులున్నాయా?" మీసాలాయన గొంతు పెద్దదైంది. "ఈ రోడ్డు ఒక్క రోజు ఆగితే ఏమవుతుందో తెలుసా? నిన్ను చెయ్యి పట్టుకుని ఈ వృత్తిలో నడిపించింది నేను. ఆ మర్యాద కూడా లేకుండా—"

"మీ మీద మర్యాద ఉంది కాబట్టే, మీ చేతులకి ఇంకా ఏమీ తగిలించలేదు సార్."

హెడ్డు పట్టుమని పది గుద్దులు వేశాడో లేదో గునపం ఇనుము మీద పడింది. మట్టి తీస్తే పైపు. కొండవైపు నుంచి లోయవైపుకి, రోడ్డు అడుగున అడ్డంగా వేసిన పెద్ద పైపు. డంపర్ల బరువుకి అప్పడంలా అణిగిపోయి ఉంది. దాని పక్కల నుంచి ఎర్రనీళ్ళు ఊరుతున్నాయి.

జీపు పక్కన సంకెళ్ళతో నిలబడ్డ గ్రేడర్ డ్రైవర్ కింద కూర్చుండిపోయాడు.

"ఈ పైపు ఎవరేశారు?"

"నేనే," అన్నాడతను. ఇప్పుడు బల్ల లేదు, చూడ్డానికి అంచూ లేదు. తిన్నగా ఆవిడ ముఖంలోకే చూశాడు. "మడ్డి చెరువు పూడిపోయింది మేడమ్. వానలకి ముందే మడ్డి తియ్యాలి. తియ్యలేదు. కాలువ నీళ్ళు దాన్లోకి వెళ్తే పొర్లి, కాలుష్యం ఆఫీసువాళ్ళు పరీక్షకి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళే గేటు దగ్గరే ఎర్రగా బయటపడతాయి. అందుకని ఇక్కడే కాలువకి అడ్డుకట్ట వేయించి, నీళ్ళు ఎవరికీ కనపడకుండా లోయలోకి పోయేలా పైపు పెట్టించారు. రోడ్డు కోసింది నేనే. పూడ్చింది నేనే. పూడ్చేటప్పుడు పొరలు పొరలుగా పోసి రోలర్ తొక్కించాలి. తెల్లారేలోగా కానిచ్చెయ్యమన్నారు. పైపైన చదును చేసి వదిలేశాను. పొద్దున్నే నన్ను పై గనికి మార్చేశారు."

"మీ బావకి చెప్పావా?"

అతను అడ్డంగా తలూపాడు. కన్నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. "చెప్తే ఉద్యోగం ఊడుతుందన్నారు. రోజూ ఆ బరువు బండి దీని మీదుగా పోతుందని తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నేనే చంపాను అన్నది అబద్ధం కాదు మేడమ్. అదొక్కటే నిజం."

"మీ అక్కని కొట్టాడన్నది?"

అతని చూపు మీసాలాయన మీదికి పోయింది. "అలా చెప్పమన్నారు. గట్టు తీసిందీ వాళ్ళే. పైపు సంగతి బయటపడితే గని మూతపడి కాలనీ అంతా వీధిన పడుతుంది, నువ్వు నెత్తినేసుకుంటే మీ అక్కకి ఇల్లు ఉంటుంది, ఆఫీసులో పని కూడా ఇస్తాం అన్నారు. బావని నేను ఎటూ చంపాను. అక్కకి నీడయినా మిగలనీ అనుకున్నాను."

ఇన్‌స్పెక్టరమ్మకి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక హెడ్డు చేతిలోంచి గునపం లాక్కుని పక్కన పడేసింది. పదేళ్ళు ఈ మీసాలాయన చెప్పిన మాట వేదంలా విన్నది తనే.

"వాడి మాట కోర్టులో నిలవదు," అన్నాడు మీసాలాయన నెమ్మదిగా. "పైపు వేసుకోవడం హత్య కాదు. వానలో వాడు బండెందుకు తీశాడో నీకు ఇప్పటికీ తెలీదు."

తెలీదు. నిజమే. అక్కడే ఆగిపోతోంది. ఖాళీగా ఎక్కి, ఎర్రనీళ్ళు నింపుకుని, నిండుగా దిగిన ట్యాంకర్. ఇంట్లో ముట్టని అన్నం డబ్బా. 'ఒక పని మిగిలిపోయింది. మీ తమ్ముడిని ఏమీ అనకు.'

ఆవిడ మెల్లగా మడుగు వైపు తిరిగింది. పైపు అణిగిపోయింది. కాలువకి అడ్డుకట్ట ఉంది. మరి కొండ నీళ్ళు ఎటు పోవాలి?

"అబ్బాయ్," అంది. "మీ ట్యాంకర్‌కి నీళ్ళు తోడుకునే మోటారు ఉంటుందా?"

"ఉంటుంది మేడమ్. చెరువులోంచి దాంతోనే—" అతను ఆగిపోయాడు. అతను కూడా మడుగు వైపే చూస్తున్నాడు. రంగు పోయిన ముఖంతో లేచి, సంకెళ్ళతోనే రోడ్డు అంచుకి పరుగెత్తాడు. "ఇన్ని నీళ్ళా? ఇక్కడ ఇన్ని నీళ్ళు నిలిచాయా? నాకెవరూ చెప్పలేదే!"

"మీ బావ చూశాడు. నువ్వు కోసిన రోడ్డూ చూశాడు. ఎవరు కోశారో అర్థం చేసుకున్నాడు. రెండు రోజులు ఒక్కడే ఈ మడుగు తోడి, ట్యాంకర్లకి ట్యాంకర్లు దూరంగా తీసుకెళ్ళి పారబోశాడు. రోడ్డు తెగకుండా, నీ పేరు బయటికి రాకుండా."

"బావా" అన్నాడు గ్రేడర్ డ్రైవర్ ఒక్కసారి, చిన్నపిల్లాడిలా. గుండెలు బాదుకోవడానికి కూడా చేతులు విడిగా లేవు.

"అతను పడిపోయిన దగ్గర్నించీ తోడేవాడు లేడు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "వాన మాత్రం ఆగలేదు."

అప్పుడే లోయ అంచున నిలబడ్డ హెడ్డు కేక పెట్టాడు. రోడ్డు కింద, వాలు నడుమ, ఇందాక వాళ్ళు దిగిన దారిలోనే, మట్టిలోంచి బొటనవేలంత ధార చిమ్ముతోంది. చూస్తుండగానే దాని చుట్టూ మట్టి విరిగి, ధార మణికట్టంత అయింది.

"కట్ట లోపల కోసుకుపోతోంది!" గ్రేడర్ డ్రైవర్ గొంతు చించుకుని అరిచాడు. "రోడ్డు తెగితే మడుగంతా కాలనీ మీద పడుతుంది మేడమ్! సంకెళ్ళు తియ్యండి! అవతల అడ్డుకట్ట కొట్టేస్తే నీళ్ళు కాలువలో పడి చెరువుకి పోతాయి. గ్రేడర్ ఇక్కడే ఉంది. తియ్యండి!"

"ముద్దాయికి బండి తాళమిస్తావా?" మీసాలాయన అడ్డమొచ్చాడు. "పారిపోతే నీ ఉద్యోగం—"

"హెడ్డుగారూ, తియ్యండి." సంకెళ్ళు ఊడాయి. గ్రేడర్ డ్రైవర్ పరుగెత్తాడు. ఇన్‌స్పెక్టరమ్మ మీసాలాయన నడుముకున్న వాకీటాకీ లాగేసుకుంది. "కంట్రోల్ రూమ్! పోలీస్ ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నాను. మలుపు దగ్గర రోడ్డు తెగబోతోంది. కాలనీ ఖాళీ చేయించాలి. వెంటనే సైరన్ కొట్టండి!"

అవతల గరగర మధ్య ఒక కుర్ర గొంతు, భయం భయంగా:

"మలుపు దగ్గర నీళ్ళేనా మేడమ్? వానదేవుడన్న కూడా అదే చెప్పాడు. మొన్న పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. 'రోడ్డు ఊగుతోంది, నాకు ఇంకో బండీ, ఇద్దరు మనుషుల్నీ పంపండ్రా' అని బతిమాలాడు. సెక్యూరిటీ సార్ పక్కనే ఉన్నారు. జవాబివ్వొద్దు, ఛానల్ కట్టెయ్యి అన్నారు."

ఇన్‌స్పెక్టరమ్మ తల తిప్పి చూసింది. మీసాలాయన గొడుగు కింద పడిపోయి ఉంది. ఆయన వానలో తడుస్తూ నేల చూపులు చూస్తున్నాడు.

"సైరన్ కొట్టు బాబూ," అంది ఆవిడ. "ముందు సైరన్ కొట్టు."

కొండలు మారుమోగేలా సైరన్ లేచింది. కింద కాలనీలో చలనం వచ్చింది. కుళాయి దగ్గర నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు బిందెలు వదిలేశారు. వానలో ఆడుకుంటున్న పిల్లలు పరుగులు తీశారు. హమ్మయ్య, విన్నారు, అనుకుని ఇన్‌స్పెక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది.

గ్రేడర్ ఇంజన్ మొరిగింది, వెంటనే ఆగిపోయింది. డ్రైవర్ మెట్టు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"ఆపమనండి! మేడమ్, సైరన్ ఆపమనండి!"

"ఎందుకు?"

"అది మందుగుండు పేల్చేటప్పుడు కొట్టే సైరన్! మాకున్నది అదొక్కటే! రాళ్ళు ఎగిరొచ్చి పడతాయని, అది వినగానే అందరూ ఇళ్ళల్లో దూరి తలుపులు గడియ పెట్టుకుంటారు! చిన్నప్పట్నించీ పిల్లలకి కూడా అదే నేర్పాం!"

ఇన్‌స్పెక్టరమ్మ కిందికి చూసింది. పరుగెత్తినవాళ్ళెవరూ కాలనీ దాటి బయటికి రాలేదు. ఒక్కో గుమ్మంలోకి ఒక్కొక్కరు దూరుతున్నారు. ఈ వరసలో ఒక తలుపు మూసుకుంది, ఆ వరసలో రెండు. వాకీటాకీలో ఆవిడ అరుస్తూనే ఉంది. సైరన్ మోతలో అవతలివాడికి ఒక్క ముక్కా వినపడుతున్నట్టు లేదు.

"అదిగో మా అక్క," అన్నాడు గ్రేడర్ డ్రైవర్. ఇప్పుడు అతని గొంతులో అరుపు కూడా లేదు.

లోయకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఇంటి ముందు ఒక మనిషి, చంకలో చంటివాడితో, పెద్దవాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాగుతోంది. చీకటి పడేలోపల నేనే వస్తాను, ఇంటికెళ్ళమని పంపింది ఇన్‌స్పెక్టరమ్మే. గుమ్మంలో ఆమె ఒక్క క్షణం ఆగి, కొండ వైపు తలెత్తి చూసింది. పైన ఇన్‌స్పెక్టరమ్మ వాళ్ళ కాళ్ళ దగ్గర రోడ్డు మధ్యగా పగులు ఒకటి ఈ చివర్నించి ఆ చివరికి పాకింది.

ఆమె లోపలికెళ్ళి తలుపు మూసుకుంది.